అరుగు మీద కబుర్లు: మూడో ప్రశ్నకి జవాబు ఎవరిది?

కిందటి సంచికలో జనాభా లెక్కల ఫారంలోని మాతృభాష ప్రశ్న గురించి రాశాను. దానికి వచ్చినన్ని ఉత్తరాలు ఈ శీర్షికలో ఇంతవరకూ మరి దేనికీ రాలేదు. కోలారు నుంచి ఒక పెద్దాయన, "మా ఇంటికి వచ్చిన మాస్టారు నన్ను అడగనే లేదమ్మా, కొట్టు ముందున్న కన్నడ బోర్డు చూసి కన్నడమని రాసుకుని పోయాడు" అని వాపోయారు. హోసూరులో ఒక ఇంట్లో పెద్దవాళ్ళు గుడికి వెళ్ళిన సమయంలో లెక్కలవాళ్ళు వచ్చారట. ఇంగ్లీషు మీడియం మనవరాలు ఇల్లంతా తమిళమేనని చెప్పేసింది. ఆ సంగతి తెలిసి నాయనమ్మ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట. 2011 లెక్కల్లో తమిళనాడులో తెలుగువాళ్ళు సుమారు 42 లక్షలు, కర్ణాటకలో సుమారు 35 లక్షలు. అంతేనా అని మన సంఘం సభ్యుల్లో ఎవరిని అడిగినా పెదవి విరుస్తారు. ఎవరు అడిగారు, ఎవరు చెప్పారు, ఎవరి ఎదుట చెప్పారు అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుందని మనకి ఒకరు నేర్పక్కర్లేదు.

ఆ ఉత్తరాల కట్టలో ఒకటి మాత్రం పొట్టిగా ఉంది. నోటు పుస్తకంలోంచి చింపిన కాగితం. కాలేజీలో చదువుతున్నామని ఉంది, పేరు లేదు. "మీరు పదో ప్రశ్న గురించి రాశారు. అదే ఫారంలో మూడో ప్రశ్న గురించి కూడా ఎప్పుడైనా రాస్తారా? మా ఇంట్లో మీ పత్రిక అందరూ చదువుతారు." అంతే. ఊరి ముద్ర చూసి ఏ ప్రాంతమో తెలుసుకున్నాను గాని ఇక్కడ చెప్పను.

2011 ఫారం గుర్తున్నవాళ్ళు తక్కువమంది ఉంటారు కనుక చెబుతున్నాను. మొదటి ప్రశ్న పేరు, రెండోది ఇంటి యజమానికి ఏమవుతారని, మూడోది లింగం. పదోది మాతృభాష. మూడో ప్రశ్న చూడటానికి ఫారం మొత్తంలో అతి సులువైనది. చాలామంది ఎన్యూమరేటర్లు అడిగేవారే కాదు, పేరు వినగానే గడి నింపేవారు. 2001 దాకా అందులో మగ, ఆడ రెండే. హిజ్రాలు ఎదురైతే మగ అని రాసుకోమని అప్పటి సూచనలు. 2011లో మొదటిసారి మూడో అంకె పెట్టారు. 1 మగ, 2 ఆడ, 3 ఇతరులు. జవాబు చెప్పేవారు కోరితేనే 3 వెయ్యాలి, మన అంతట మనం వెయ్యకూడదు అని శిక్షణలో ఒకటికి రెండుసార్లు చెప్పారు.

చివరికి దేశం మొత్తం మీద 'ఇతరులు' 4,87,803 మంది తేలారు. అంటే పదివేలకి నలుగురు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769, మహారాష్ట్రలో 40,891, తమిళనాడులో 22,364, మా ఒడిశాలో 20,332, కర్ణాటకలో 20,266. పత్రికలు ఈ అంకెను ట్రాన్స్‌జెండర్ల జనాభా అని అచ్చువేశాయి. ఇప్పటికీ అలాగే రాస్తున్నారు. జనగణన శాఖ మాత్రం ఇది ట్రాన్స్‌జెండర్ల కోసం ప్రత్యేకంగా సేకరించిన లెక్క కాదనీ, వారు తమ ఇష్టాన్ని బట్టి 1 అనో 2 అనో 3 అనో చెప్పి ఉండవచ్చుననీ అప్పుడే స్పష్టంగా రాసింది. ఆ వాక్యం ఎవరూ చదవలేదు.

నన్ను ఆపిన అంకె మరొకటి. ఆ 4,87,803 మందిలో 54,854 మంది ఆరేళ్ళ లోపు పిల్లలు. ఆరేళ్ళ లోపు పిల్లలు తమంతట తాము ఎన్యూమరేటరుకి ఏం చెబుతారు? పుట్టుకతోనే శరీరంలో తేడా ఉన్న శిశువులు ఉంటారు, నిజమే. వాళ్ళ సంగతి వేరు. మరి మిగతావాళ్ళు? నేను లెక్క కట్టి చూశాను. 'ఇతరుల'లో ఈ చిన్నపిల్లలు వందకి 11 మంది. దేశ జనాభా మొత్తంలో ఆ వయసువాళ్ళు వందకి దాదాపు 13.6. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఒక గుర్తింపు ఉన్నవాళ్ళను లెక్కపెడితే వయసులు ఇలా అందరితో సమంగా పరుచుకోవు. కలం జారి 1కి బదులు 3 పడితేనే ఇలా పరుచుకుంటాయి. ఇది నా అనుమానం మాత్రమే, శాఖవారి మాట కాదు. కాని ఒక్క గుణకారం చెయ్యండి. పదివేల మందికి ఒక్క పొరపాటు జరిగినా 121 కోట్లకి 1,21,000 పొరపాట్లు. మాతృభాష లెక్కలో లక్ష తప్పు పడితే సముద్రంలో చెంబెడు. మూడో గడిలో పడితే నాలుగో వంతు.

ఇలా చిన్న గుంపుని లెక్కించడంలో రెండు వైపులా గండి ఉంది. లేనివాళ్ళు పొరపాటున వచ్చి చేరతారు, ఉన్నవాళ్ళు బయటికి రారు. రెండోది మరీ ఎక్కువగా జరిగేది ఇంట్లో ఉన్న పిల్లల విషయంలో. గురువు దగ్గర చేరి హిజ్రాగా బతుకుతున్న పెద్దవాళ్ళు తమ జవాబు తామే చెప్పుకుంటారు. పదిహేనేళ్ళ బిడ్డ జవాబు ఎవరు చెబుతారు?

2011 ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా నేను బరంపురంలో లెక్కలు రాశాను. అప్పుడు జరిగినది ఒకటి చెబుతాను. 1948 నాటి జనగణన చట్టం ప్రకారం ఏ ఇంట్లో ఏం రాశామో బయట పెట్టకూడదు గనుక వీధి, ఇల్లు, మనుషుల వివరాలు మార్చాను. ఇంటి యజమాని వసారాలో పడక్కుర్చీలో కూర్చుని, "రాసుకోండమ్మా" అంటూ వరుసగా చెబుతున్నారు. పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఎవరెవరు ఆడో, ఎవరెవరు మగో ఒక్క ఊపులో చెప్పేశారు. గుమ్మం దగ్గర ఇంటర్ చదివే వయసు బిడ్డ ఒకటి నిలబడి నా కలం వంకే చూస్తోంది. సాయంత్రం వీధి చివర ఎదురైంది.

"టీచరమ్మా, ఆ ఫారంలో ఇంకో గడి ఉందట కదా, పేపర్లో చదివాను."

"ఉంది నాన్నా" అన్నాను. మన ఇళ్ళల్లో ఆడపిల్లనైనా మగపిల్లాడినైనా ముద్దుకి నాన్నా అనే పిలుస్తాం. ఆ పూట ఆ మాట నాకు చాలా సాయం చేసింది.

"అది ఎవరు చెబితే వేస్తారు?"

"ఇంట్లో జవాబు చెప్పేవారు చెబితే."

"అంటే నన్ను అడగరన్న మాట."

"ఇప్పుడు అడుగుతున్నాను. నువ్వు చెప్పు, నీ మాట ప్రకారం రాస్తాను" అన్నాను.

గబగబా తల అడ్డంగా ఊపింది. "వద్దండీ. మార్చి మొదట్లో సరిచూసుకోడానికి మళ్ళీ వస్తారు కదా. నాన్నగారు ఫారం చూస్తారు."

అంత మాత్రం చెప్పి సైకిలెక్కి వెళ్ళిపోయింది. ఆ ఇంటి ఫారంలో ఇంటి పెద్ద చెప్పినదే ఉండిపోయింది. నా మటుకు నేను అప్పటినుంచి ఒకటే అనుకుంటున్నాను: మూడో గడి పెట్టడంతో సగం పని కూడా కాలేదు. ఆ గడిని ఎవరి చేతికిచ్చి నింపమంటున్నాం, ఆ సమయంలో పక్కన ఎవరున్నారు అన్నదే అసలు పని.

పిల్లల్ని నేరుగా అడిగే సర్వేలు కొన్ని దేశాల్లో చాలాకాలంగా ఉన్నాయి. బెంగుళూరులో సమాజశాస్త్రం చదివే మా మేనకోడలు ఆ కాగితాలు తెచ్చిపెడితే సెలవులంతా కూర్చుని చదివాను. న్యూజిలాండ్‌లో 2012లో హైస్కూలు పిల్లలు ఎనిమిది వేల పైచిలుకు మందిని అడిగారు. బడిలో తలా ఒక టాబ్లెట్ ఇచ్చారు. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే ప్రశ్న చెవిలో వినిపిస్తుంది, తెర మీద నొక్కితే చాలు. పక్కవాడికి ప్రశ్న ఏమిటో కూడా తెలియదు. పైగా ప్రశ్నలో ట్రాన్స్‌జెండర్ అన్న ఒక్క మాటే పెట్టి ఊరుకోలేదు. అమ్మాయినై పుట్టాల్సిందనుకునే అబ్బాయి, అబ్బాయినై పుట్టాల్సిందనుకునే అమ్మాయి అని విడమరిచి, అక్కడి మావోరీలూ సమోవావాళ్ళూ తమ ఇళ్ళల్లో వాడే మాటలు కూడా పక్కన చేర్చారు. వందకి 1.2 మంది అవునన్నారు. 2.5 మంది తేల్చుకోలేకపోతున్నామన్నారు. 1.7 మంది ప్రశ్న అర్థం కాలేదన్నారు. నాకు నచ్చింది ఆఖరి రెండు గడులే. పరీక్ష పేపర్లో తెలియదని రాస్తే సున్నా వేస్తాం. ఇక్కడ తెలియకపోవడం కూడా ఒక జవాబే, దానికీ చోటు ఉండాలి. లేకపోతే అర్థం కానివాడు అవును మీదో కాదు మీదో గుర్తు పెడతాడు. చిన్న గుంపు లెక్క అక్కడే చెడుతుంది.

అమెరికాలో ప్రభుత్వం హైస్కూలు పిల్లల మధ్య రెండేళ్ళకోసారి ఒక ఆరోగ్య సర్వే చేస్తుంది. 2017లో పది రాష్ట్రాల్లోనూ తొమ్మిది నగర ప్రాంతాల్లోనూ పరీక్షగా ఈ ప్రశ్న చేర్చారు. పుట్టుకనాటి లింగం తమ మనసుకి సరిపడనివారిలో కొందరు తమను ట్రాన్స్‌జెండర్ అంటారు, నువ్వు ట్రాన్స్‌జెండరువా అని. వందకి 1.8 మంది అవునన్నారు. ఆ తరువాతి ఏడు పిట్స్‌బర్గ్ నగరంలో పరిశోధకులు హైస్కూళ్ళలో మూడు వేల పైచిలుకు పిల్లల్ని వేరే రకంగా అడిగారు. అక్కడ వందకి 9.2 మంది తేలారు! ఏడాది తేడాలో పిల్లలు ఐదింతలు పెరిగారా? ఊరు వేరన్నది కొంత నిజం. కాని ప్రశ్న కూడా వేరు.

ఇదేమిటో కాస్త నెమ్మదిగా చెబుతాను, ఎందుకంటే మొత్తం వ్యవహారంలో కీలకం ఇదే. ఆడపిల్లగా నమోదై, లోపల తాను అబ్బాయినే అనుకుంటున్న ఒక బిడ్డ ఉందనుకోండి. "మగ, ఆడ, ఇతరులు" అని మూడు గడులు చూపిస్తే ఆ బిడ్డ ఎక్కడ గుర్తు పెడుతుంది? మనం మూడో గడిలో అనుకుంటాం. ఆ బిడ్డ నిక్షేపంలా మగ అన్న గడిలో పెడుతుంది. తన దృష్టిలో తాను ఇతరులు కాదు, అబ్బాయి. లెక్కలో ఆ బిడ్డ మామూలు మగపిల్లల్లో కలిసిపోతుంది. పోనీ "నువ్వు ట్రాన్స్‌జెండరువా" అని సూటిగా అడిగితే? ఆ మాట వినని పిల్లలున్నారు, విన్నా తమకు తగదనుకునేవారున్నారు, ఆ పేరు మోయడానికి భయపడేవారున్నారు. అందుకని రెండు మెట్లుగా అడగడం మొదలుపెట్టారు. మొదట, పుట్టినప్పుడు ఏమని రాశారు? తరువాత, ఇప్పుడు నిన్ను నువ్వు ఏమనుకుంటున్నావు? రెండో దానికి ఒకటి కన్నా ఎక్కువ గడులు ఎంచుకోవచ్చు. రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా దానంతట అదే కనిపిస్తుంది. ఎవరూ తమ మీద ఏ పేరూ అతికించుకోనక్కర్లేదు. పిట్స్‌బర్గ్‌లో అడిగినది ఇలాగే.

మన సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న ఇచ్చిన నాల్సా తీర్పు కూడా మనిషి తనను మగ అనో, ఆడ అనో, మూడో లింగమనో గుర్తించుకోవచ్చునన్నది. మూడింటిలో ఏదైనా కావచ్చునంటే ఒకే ఒక్క మూడో గడితో లెక్క ముగియదన్నది ఆ తీర్పులోనే దాగి ఉంది. 2019లో చట్టం వచ్చింది, దాని గురించి వాదాలూ వచ్చాయి. గడి గురించి ఎవరూ వాదించలేదు.

అయితే రెండు మెట్ల పద్ధతి అన్నిచోట్లా మంచిదేనని నేను అనను. తరగతి గదిలో, పేరు లేని కాగితం మీద అది పనిచేస్తుంది. మన వసారాలో, నాన్నగారి ఎదుట, "పుట్టినప్పుడు ఏమని రాశారు, ఇప్పుడు ఏమనుకుంటున్నావు" అని వరుసగా అడిగితే ఆ బిడ్డని వీధిలో నిలబెట్టినట్టే. లెక్క సరిగ్గా రావడం కోసం ఒక బిడ్డ ఆ రాత్రి దెబ్బలు తినవలసి వస్తే అటువంటి లెక్క నాకొద్దు.

ఇక ఇంగ్లండ్, వేల్స్ సంగతి. మనలాంటి పరాయిచోటి కాపురస్థులు తప్పక వినవలసినది. 2021 జనగణనలో అక్కడ 16 ఏళ్ళు నిండినవారికి, ఇష్టమైతేనే చెప్పే ప్రశ్నగా, "మీరు గుర్తించుకునే జెండర్, పుట్టినప్పుడు నమోదైన లింగం ఒకటేనా?" అని అడిగారు. 2,62,000 మంది కాదన్నారు, వందకి అరమంది. ఏ ప్రాంతాల్లో ఎక్కువ అని చూస్తే లండన్‌లోని న్యూహామ్, బ్రెంట్ ముందు నిలిచాయి. వలసవచ్చిన కుటుంబాలు కిక్కిరిసి ఉండే చోట్లు. ఇంగ్లీషు సరిగా రానివారిలో కాదన్నవారు మరీ ఎక్కువగా కనిపించారు. ప్రశ్న మెలికగా ఉంది, పరాయి భాషలో ఉంది, జవాబు తలకిందులైంది. విమర్శలు రాగా రాగా 2024లో ఆ దేశపు గణాంక శాఖే ఈ లెక్కలకున్న అధికారిక హోదా తగ్గించమని కోరింది. అంత డబ్బు, అంత శిక్షణ ఉన్న చోట ఇలా జరిగితే, ఒడియా ఫారం పట్టుకున్న మాస్టారు తెలుగింటి గడపలో నిలబడి హిందీలో అడిగినప్పుడు ఏమవుతుందో ఊహించుకోండి.

భాష గురించి ఇంకో ముచ్చట. మా చెల్లెలు షోలాపూర్ కోడలు. వాళ్ళ పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. మరాఠీలో "నేను వెళ్తున్నాను" అనాలంటే అబ్బాయైతే "మీ జాతో", అమ్మాయైతే "మీ జాతే" అనాలి. నోరు విప్పిన మొదటి వాక్యంలోనే తానెవరో చెప్పేసుకోవాలి. హిందీ కూడా అంతే. తెలుగులో "నేను వెళ్తున్నాను" అంటే అందరిదీ ఒకటే మాట. కన్నడం, తమిళం కూడా నేను దగ్గర మనలాగే. మూడో మనిషి గురించి చెప్పేటప్పుడే మనకి చిక్కు. వచ్చాడు, వచ్చింది. (ఆడవాళ్ళకీ ఆవుకీ ఒకే క్రియ పెట్టిన ఈ వ్యాకరణం మీద నాకు చిన్నప్పటినుంచీ కోపమే, అది ఇంకో సంచికకి.) మా ఒడియా ఇరుగుపొరుగు ఆ చిక్కు కూడా లేకుండా ఎవరినైనా "సే" అని సరిపెట్టేస్తారు, క్రియ మారదు. కనుక సర్వే ప్రశ్నల విషయంలో తెలుగు బీద భాషేం కాదు. నువ్వు అన్నా మీరు అన్నా ఎదుటివారు ఎవరో ముందే తీర్మానించకుండా ప్రశ్న మొత్తం రాయవచ్చు. మరాఠీలో ప్రశ్న రాసేవాళ్ళు ఈ సులువు కోసం ఎంత తిప్పలు పడాలో మా చెల్లెలి పిల్లలనడగండి.

మనకి లేనిది పేరు. తమిళనాడులో తిరునంగై అన్న గౌరవమైన మాట ప్రభుత్వ కాగితాల్లోకి ఎక్కింది, ఆడపిల్లగా పుట్టి మగవాడిగా బతికేవారికి తిరునంబి అంటున్నారు. మహారాష్ట్రలో తృతీయపంథి. కర్ణాటకలో లింగత్వ అల్పసంఖ్యాతరు అన్న బరువైన మాట ఒకటి, ఎల్లమ్మ భక్తుల్లో తరతరాలుగా ఉన్న జోగప్ప, జోగతి అన్న మాటలు ఇంకో వైపు. మంజమ్మ జోగతి కర్ణాటక జానపద అకాడమీ అధ్యక్షులయ్యాక, 2021లో పద్మశ్రీ అందుకున్నాక ఆ మాటకి కొత్త గౌరవం వచ్చింది. తెలుగులో? హిజ్రా అన్నది ఒక సంఘం పేరు, గురువూ శిష్యులూ కట్టుబాట్లూ ఉన్న జీవితం. ఎనిమిదో తరగతి బిడ్డ మనసులోని గొడవకి అది పేరు కాదు. నపుంసకుడు అన్నది వ్యాకరణం పుస్తకంలోనే ఉండనివ్వాలి. మిగతావన్నీ తిట్లు. తిట్టుని గడి పక్కన అచ్చువేసి ఇందులో నువ్వున్నావా అంటే ఏ బిడ్డ గుర్తు పెడుతుంది?

పిల్లలు తమాషాకి తప్పుడు జవాబులు రాయరా అని మా ఆయన అడిగారు. రాస్తారు. టీచరుగా నాకది వింతేమీ కాదు. అమెరికాలోనే ఒక పెద్ద సర్వేలో బడిలో ఇచ్చిన కాగితం మీద రెండు వందల మందికి పైగా పిల్లలు తమకు కృత్రిమ కాలో చెయ్యో ఉందని రాశారు. తరువాత ఇళ్ళకి వెళ్ళి చూస్తే నిజంగా ఉన్నది ఇద్దరికే! అల్లరి పిల్లలు తక్కువమందే, కాని వాళ్ళు గుర్తులు పెట్టేది చిన్న గుంపుల గడుల్లోనే. అందుకని పరిశోధకులు వింత జవాబులన్నీ ఒకే కాగితం మీద పడ్డాయా అని వెతికి, అనుమానమున్నవాటిని పక్కన పెట్టి మళ్ళీ లెక్క కడతారు. అల్లరి ఉంది గనుక అడగడమే మానెయ్యాలన్న వాదన నాకు రుచించదు. బియ్యంలో రాళ్ళుంటే ఏరుకుంటాం గాని వంట మానెయ్యం.

ఇంకొకటి, ఈ వయసులో మనసు నిలకడగా ఉండదు, పద్నాలుగేళ్ళప్పుడు చెప్పింది పదిహేడుకి మారవచ్చు అంటారు. మారవచ్చు. అందుకే ఒకసారి అడిగి జీవితమంతా ముద్ర వెయ్యకూడదు. సర్వే చెప్పేది ఆనాటి మాట మాత్రమే. "తేలలేదు" అన్నవారిని తీసుకెళ్ళి "కాదు" అన్నవారిలో కలిపెయ్యడం మాత్రం తప్పు. 2011లో మన 'ఇతరుల'కి అలాంటిదే జరిగింది. చాలా పట్టికల్లో వాళ్ళని మళ్ళీ మగవారితో కలిపే అచ్చువేశారు.

ఇదంతా ఎందుకు, లెక్కపెట్టి ఏం చేస్తారు అని మీలో కొందరు ఈ పాటికి అనుకుంటూ ఉంటారు. అమెరికాలో 2023 సర్వేలో దేశమంతటా ఈ ప్రశ్న అడిగితే వందకి 3.3 మంది ట్రాన్స్‌జెండర్లమన్నారు, 2.2 మంది ఆలోచిస్తున్నామన్నారు. అదే కాగితంలో, కిందటి ఏడాది ప్రాణం తీసుకోబోయావా అన్న ప్రశ్న కూడా ఉంది. మిగతా మగపిల్లల్లో వందకి 5 మంది, ఆడపిల్లల్లో 11 మంది అవునన్నారు. ట్రాన్స్‌జెండర్ పిల్లల్లో 26 మంది. ఆలోచిస్తున్నామన్న పిల్లల్లోనూ 26 మందే. అంటే, "తేలలేదు" గడిని చెరిపేసి ఉంటే ఆ రెండో 26 ఎవరికీ కనపడేది కాదు. మిగతావారి కన్నా ఆ పిల్లల్లో ఎక్కువమంది బడిలో వేధింపులు పడుతున్నారని కూడా అందులోనే తేలింది. మూడో ప్రశ్న లేకుండా మిగతా ప్రశ్నలన్నీ అడిగినా ఇది తెలిసేది కాదు. ఆ దేశంలోనే 2025 జనవరిలో ప్రభుత్వ ఫారాల్లో మగ, ఆడ తప్ప మరేదీ ఉండకూడదని అధ్యక్షుడి ఆదేశం వచ్చింది. గడి తీసేస్తే అంకె పోతుంది. పిల్లలు ఎక్కడికీ పోరు.

మన దగ్గర తమిళనాడు 2008లోనే సంక్షేమ బోర్డు పెట్టింది. కర్ణాటక 2021లో ప్రభుత్వోద్యోగాల్లో వందకి ఒకటి కేటాయించింది. మంచివే. కాని అవి ఇల్లు దాటి బయటికొచ్చి, కార్డు తీసుకున్న పెద్దవాళ్ళకి. ఇంకా ఇంట్లోనే ఉండి, అదే కంచంలో తింటూ, ఈ పత్రికే చదువుతున్న పిల్లలు ఏ లెక్కలోనూ లేరు.

తరువాతి జనగణనకి 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా 2025 జూన్‌లో ప్రకటించారు. కులం కూడా రాస్తారు గనుక మన సంఘాలన్నీ ఇప్పటినుంచే మాతృభాష ప్రశ్న దగ్గర తెలుగు అనే చెప్పాలని కరపత్రాలు వేస్తున్నాయి. వెయ్యాలి. అదే కరపత్రంలో ఇంకో రెండు వాక్యాలు చేర్చమని మన కార్యదర్శిగారిని కోరాను: పదేళ్ళు దాటిన పిల్లలుంటే వాళ్ళ వరస వచ్చినప్పుడు ఎన్యూమరేటరుని వాళ్ళతోనే మాట్లాడనివ్వండి, వాళ్ళ భాష, చదువు, మిగతావన్నీ వాళ్ళనే చెప్పనివ్వండి. ఆ సమయంలో పెద్దవాళ్ళు కాసేపు వంటింట్లోకి వెళ్ళి కాఫీ కలపండి. ఆయన నవ్వారు గాని కాదనలేదు.

మా మేనకోడలూ నేనూ కలిసి, బడి పిల్లల సర్వేకి పనికొచ్చేలా ఒక తెలుగు ప్రశ్న రాసి చూశాం. మొదటిది: నువ్వు పుట్టినప్పుడు కాగితాల్లో ఏమని రాశారు? ఆడ, మగ, చెప్పడం ఇష్టం లేదు. రెండోది: ఇప్పుడు నిన్ను నువ్వు ఏమనుకుంటున్నావు? అబ్బాయిని, అమ్మాయిని, రెండూ, రెండూ కాదు, ఇంకా తేలలేదు, చెప్పడం ఇష్టం లేదు, ప్రశ్న అర్థం కాలేదు. చివర ఒక ఖాళీ గీత, వేరే మాట ఉంటే రాయడానికి. నాలుగో జవాబు దగ్గర మా ఇద్దరికీ వాదన వచ్చింది. "రెండూ కాదు" అన్నది వినడానికి ఏదో లోపం చెబుతున్నట్టుందని దాని అభిప్రాయం. నాకూ అలాగే అనిపిస్తోంది గాని అంతకన్నా మంచి మాట దొరకలేదు.

బళ్ళారిలో, హోసూరులో, షోలాపూరులో, యానాంలో, పర్లాకిమిడిలో మీ ఇళ్ళల్లో, మీ పిల్లల నోట, తిట్టు కాని మాట ఏదైనా వాడుకలో ఉంటే రాసి పంపండి. పక్క భాషలోంచి వచ్చిన మాటైనా ఫరవాలేదు. సంపాదకుల చిరునామాకి, కవరు మీద 'మూడో ప్రశ్న' అని రాస్తే నాకు చేరుతుంది. నోటు పుస్తకం కాగితమైనా చాలు, పేరూ ఊరూ అక్కర్లేదు.